మోరి మోసుకొచ్చే కబురు

2016 మే నెలలో హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం దగ్గర ఒక సీసాడు మురుగునీళ్ళు తీశారు. పోలియో నిఘాలో భాగంగా మామూలుగా తీసే నమూనాల్లో అదొకటి. జూన్ మధ్యకల్లా ఫలితం వచ్చింది. అందులో టైప్-2 పోలియో వైరస్ ఉంది. అది అడవి రకం కాదు. చుక్కల మందులో వాడే బలహీనపరచిన వైరస్సే ఒకరి పేగుల నుంచి ఇంకొకరి పేగులకు పాకుతూ, రూపు మార్చుకుంటూ, మళ్ళీ కోరలు మొలిపించుకున్న రకం. అప్పటికి నగరంలో ఏ బిడ్డకూ కాలు చచ్చుబడలేదు. ఏ ఆసుపత్రిలోనూ కేసు నమోదు కాలేదు. ఆ వైరస్ ఏ ఇంటి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

అయినా జూన్ 20 నుంచి వారం తిరిగేలోగా హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల బస్తీల్లో మూడు లక్షల మందికి పైగా పసిపిల్లలకు పోలియో సూదిమందు వేశారు. టీకా కొరత ఉండటంతో పూర్తి మోతాదులో ఐదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మం పొరలోకి ఎక్కించారు. ఇంత తొందరకు కారణముంది. ఆ ఏడాది ఏప్రిల్ 25న దేశమంతటా చుక్కల మందులోంచి టైప్-2 వైరస్‌ను తీసేశారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు చుక్కల ద్వారా ఆ రకం నుంచి రక్షణ దొరకదు. కొత్త టీకాకు మారిన నెల తిరక్కుండానే మురుగులో పాత రకం కనబడింది. ఎవరికైనా జబ్బు బయటపడేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని ఆరోగ్య శాఖ ముందే కదిలింది.

వైరస్‌ల మీద మురుగు నిఘా అంటే ఇదే. మోరిలో వైరస్‌ను పట్టుకోవడం సగం పని. పట్టుకున్నాక ఏం చేయాలో ముందే తెలిసి ఉండటం మిగతా సగం. అంబర్‌పేటలో ఆ రెండు సగాలూ కుదిరాయి. మరి ఉత్తర తెలంగాణ పట్టణాలైన జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో మొదటి సగమైనా ఎలా కుదురుతుంది? అంబర్‌పేట కేంద్రానికి రోజుకు కోట్ల లీటర్ల మురుగు పైపుల్లో వచ్చి చేరుతుంది. అక్కడ సీసా ముంచడానికి ఒక చోటంటూ ఉంది. ఇంటికో సెప్టిక్ ట్యాంకు, వాడకో మోరి ఉన్న కోరుట్లలో ఎక్కడ ముంచాలి?

ఒంట్లోంచి మోరిలోకి

పోలియో వైరస్ పేగుల్లో పెరుగుతుంది. అది సోకిన వాళ్ళలో ఎక్కువ మందికి జ్వరం కూడా రాదు. కాలో చెయ్యో చచ్చుబడేది దాదాపు 200 మందిలో ఒకరికి. కానీ మిగతా 199 మందీ వారాల తరబడి మలంలో వైరస్‌ను విడుస్తూనే ఉంటారు. ఒక్క బిడ్డకు పక్షవాతం వచ్చి ఆసుపత్రికి చేరేసరికి చుట్టుపక్కల వందల మందికి అది సోకి ఉంటుంది. ఆ వందల మందినీ డాక్టరు చూడడు, మోరి చూస్తుంది.

పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్ కూడా మలం దారినే బయటికొస్తాయి. కోవిడ్ వైరస్ ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేదైనా సోకినవాళ్ళలో సుమారు సగం మంది మలంలో దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ దొరుకుతుంది. లక్షణాలు పైకి కనబడక ముందే కొందరిలో ఇది మొదలవుతుంది. జ్వరం తగ్గాక కూడా కొన్నాళ్ళు సాగుతుంది. మురుగులో దొరికేది చాలావరకు ఈ వైరస్ ముక్కలే కాబట్టి కోవిడ్ విషయంలో ఆ నీటి నుంచి జబ్బు అంటుకునే భయం తక్కువ. పోలియో, హెపటైటిస్ ఎ సంగతి అలా కాదు. అవి మురుగులో ప్రాణంతోనే ఉండగలవు.

ఆసుపత్రి లెక్క పరీక్షకు వచ్చినవాళ్ళనే చూపిస్తుంది. రోజు కూలి పోతుందని రానివాళ్ళు, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని సర్దుకున్నవాళ్ళు, అసలు జబ్బే తెలియనివాళ్ళు ఆ లెక్కలో ఉండరు. మరుగుదొడ్డికి మాత్రం అందరూ పోతారు. పరీక్షలు తక్కువ జరిగే ఊళ్ళలోనే ఈ పద్ధతి అక్కర ఎక్కువ.

కోతుల నుంచి గాజుగుడ్డ దాకా

ఇది కోవిడ్‌తో పుట్టిన విద్య కాదు. 1939లో అమెరికాలోని చార్ల్స్‌టన్ పట్టణంలో పోలియో చెలరేగినప్పుడు యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ పాల్, జేమ్స్ ట్రాస్క్ బృందం అక్కడి మురుగు తెచ్చి కోతులకు ఎక్కించింది. కోతులకు పక్షవాతం వచ్చింది. వైరస్‌ను నేరుగా గుర్తించే పరీక్షలు లేని రోజుల్లో మురుగులో పోలియో ఉందని అలా రుజువైంది.

మన పట్టణాలకు ఇంతకంటే పనికొచ్చే కథ ఇంగ్లండ్‌లోని డెవాన్ ప్రాంతానిది. అక్కడ పారాటైఫాయిడ్ ఆగి ఆగి వస్తోంది. జబ్బు మోస్తున్న మనిషెవరో దొరకడం లేదు. బ్రెండన్ మూర్ అనే బాక్టీరియా నిపుణుడు గాజుగుడ్డను మడతలు పెట్టి, దారం కట్టి, మురుగు పారే చోట వేలాడదీశాడు. ఒకటి రెండు రోజులు ఆ గుడ్డ గుండా మురుగు పారింది. సూక్ష్మజీవులు దాని పోగుల్లో చిక్కుకున్నాయి. గుడ్డను ప్రయోగశాలలో పరీక్షించి, బాక్టీరియా దొరికిన చోటి నుంచి ఎగువకు ఒక్కో మ్యాన్‌హోల్ దగ్గరా మళ్ళీ గుడ్డ కడుతూ, జబ్బు మూలందాకా వెళ్ళాడు. 1948లో అతడు ప్రకటించిన ఈ పద్ధతిని ఇప్పటికీ మూర్ స్వాబ్ అనే అంటారు. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. సీసా ముంచితే ఆ క్షణం పారిన నీళ్ళే దొరుకుతాయి. గుడ్డ కడితే ఒకటి రెండు రోజుల పారుదల అంతా దాని మీదుగా పోతుంది. తమిళనాడులోని వెల్లూరులో టైఫాయిడ్ మీద ఇటీవల జరిగిన అధ్యయనాల్లోనూ ఈ గుడ్డనే వాడారు.

భారతదేశంలో పోలియో కోసం మురుగు పరీక్షలు 2001లో ముంబైలో మొదలయ్యాయి. ఆ తర్వాత ఢిల్లీ, పట్నా, కోల్‌కతా లాంటి నగరాలకు విస్తరించాయి. దేశంలో అడవి రకం పోలియో చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది. 2014 మార్చి 27న దేశానికి పోలియో రహిత గుర్తింపు దక్కింది. కేసులు ఆగాక కూడా మురుగు మీద నిఘా ఆగలేదు కాబట్టే 2016లో ఆ టైప్-2 వైరస్ దొరికింది. 2022లో లండన్‌లో కూడా ఇలాగే జరిగింది. బెక్టన్ మురుగు కేంద్రం నమూనాల్లో టైప్-2 రకం వరసగా కనబడటంతో ఒక్క కేసూ లేకుండానే నగరంలోని పిల్లలకు అదనపు టీకా వేశారు.

కోవిడ్ ఏడాది

2020 మార్చిలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఆమర్స్‌ఫోర్ట్ పట్టణపు మురుగులో కోవిడ్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకున్నారు. ఆ పట్టణంలో తొలి కేసులు నమోదైంది ఆరు రోజుల తర్వాత. అదే ఏడాది మే నెలలో అహ్మదాబాద్ మురుగులో ఐఐటీ గాంధీనగర్ బృందం కోవిడ్ జన్యువులను గుర్తించింది.

హైదరాబాద్ వంతు ఆగస్టులో వచ్చింది. పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు కలిసి నగరంలోని శుద్ధి కేంద్రాల్లో 80 శాతం నుంచి నమూనాలు తీసుకున్నారు. ఐఐసీటీ నుంచి ఎస్. వెంకటమోహన్, సీసీఎంబీ నుంచి అప్పటి డైరెక్టర్ రాకేశ్ మిశ్రా ఈ పనికి ముందు నిలిచారు. హైదరాబాద్ రోజుకు వాడే నీరు సుమారు 180 కోట్ల లీటర్లు. అందులో 40 శాతమే శుద్ధి కేంద్రాలకు చేరుతుంది. ఆ 40 శాతంలో దొరికిన వైరస్ మోతాదును బట్టి దాదాపు 2 లక్షల మంది దాన్ని విడుస్తున్నట్టు తేలింది. సోకిన మనిషి 35 రోజుల దాకా వైరస్‌ను విడవవచ్చు కాబట్టి, ఆ నెల రోజుల పైచిలుకు కాలంలో నగరం మొత్తం మీద సుమారు 6.6 లక్షల మందికి, అంటే జనాభాలో 6 శాతానికి, సోకి ఉంటుందని అంచనా కట్టారు. అదే సమయానికి తెలంగాణ రాష్ట్రం మొత్తం మీద అధికారికంగా తేలిన కేసులు లక్ష లోపు.

ఈ రెండు సంఖ్యల మధ్య తేడాను చూసి ఎవరో అబద్ధమాడారు అనుకోనక్కర్లేదు. ఒకటి పరీక్ష చేయించుకున్నవాళ్ళ లెక్క, ఇంకొకటి మరుగుదొడ్డికి పోయినవాళ్ళ లెక్క.

ఇవే సంస్థలు చెరువుల నీళ్ళనూ పరీక్షించాయి. హుస్సేన్‌సాగర్, నాచారం పెద్దచెరువుల్లో కోవిడ్ జన్యుపదార్థం దొరికింది. నగరానికి దూరంగా ఉన్న ఏదులాబాద్ చెరువులో, ఘన్‌పూర్ పోతురాజు చెరువులో దొరకలేదు. పైపుల గుండా రాని మురుగు, చెరువుల్లో కలిసే మురుగు కూడా కబురు చెప్పగలదని ఈ పని చూపించింది. భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్ళకు ఇదే దారి చూపే సంగతి.

సీసా నుంచి సంఖ్య దాకా

తెచ్చిన నీళ్ళతో ప్రయోగశాలలో ఏం చేస్తారు? ముందు సీసా బయటి భాగాన్ని మందుతో తుడుస్తారు. నమూనాను కాసేపు వేడి చేసి అందులో ప్రాణమున్న సూక్ష్మజీవులను నిర్వీర్యం చేస్తారు. చెత్తాచెదారం వడగట్టి తీసేస్తారు. ఇక మిగిలిన నీటిలో వైరస్ వెతకడమంటే శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) కాలువలో పడిన చిటికెడు పసుపును వెతకడమే. అందుకని నీటిని చిక్కబరుస్తారు. పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే రసాయనం, ఉప్పు కలిపి రాత్రంతా చల్లగా ఉంచితే వైరస్ కణాలు ఒకచోట ముద్దకడతాయి. దాన్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో పెడితే అడుగున కంటికి కనబడీ కనబడనంత మడ్డి దిగుతుంది. ఆ మడ్డి నుంచి ఆర్‌ఎన్‌ఏ తీస్తారు.

తర్వాతిది కోవిడ్ రోజుల్లో అందరి నోటా నలిగిన ఆర్‌టీ-పీసీఆర్. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, వైరస్‌కు మాత్రమే చెందిన ఒక జన్యు ముక్కను చక్రం చక్రానికీ రెట్టింపు చేస్తూ పోతారు. పది చక్రాలకు ఒకటి వెయ్యి దాటుతుంది. వైరస్ ఎక్కువుంటే యంత్రంలో మెరుపు తొందరగా కనబడుతుంది. తక్కువుంటే ఆలస్యమవుతుంది. ఒక నమూనా 30వ చక్రంలో, ఇంకొకటి దానికి మూడు చక్రాల పైచిలుకు తర్వాత మెరిసిందంటే రెండోదానిలో వైరస్ పదో వంతే ఉందని అర్థం.

సోకినవాళ్ళ సంఖ్యను లెక్కగట్టే తీరు ఇంటిలెక్క లాగే ఉంటుంది. ఉదాహరణకు లీటరు మురుగులో 10,000 ఆర్‌ఎన్‌ఏ ముక్కలు దొరికాయనుకుందాం. ఆ చోట రోజుకు కోటి లీటర్లు పారుతుంది. అంటే మొత్తం 10,000 కోట్ల ముక్కలు. ఒక రోగి రోజుకు 120 గ్రాముల మలంలో గ్రాముకు 10 లక్షల చొప్పున విడుస్తాడనుకుంటే, ఒక్కొక్కరి వాటా 12 కోట్లు. భాగించి చూస్తే సుమారు 830 మంది. ఈ లెక్కలో ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. ఒకడు గ్రాముకు వెయ్యి ముక్కలు విడవొచ్చు, ఇంకొకడు పది కోట్లు విడవొచ్చు. అందుకే 830 అనే అంకెకంటే, పోయిన వారం 200, ఈ వారం 830 అనే నడకే నమ్మదగింది.

ఇంకో చిక్కుంది. వాన పడితే మోరిలో నీళ్ళు పెరిగి వైరస్ పల్చబడుతుంది. జబ్బు తగ్గిందని పొరపడతాం. దీన్ని సరిచేయడానికి శాస్త్రవేత్తలు వాడే కొలబద్ద మన వంటింటిదే. మిరపకాయలకు ఒక వైరస్ సోకుతుంది. దాని పేరు పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్. మొక్కకే గానీ మనిషికి హాని చేయదు. కారం, పచ్చళ్ళు, మసాలాల ద్వారా కడుపులోకి పోయి అలాగే చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. ఆరోగ్యవంతుల మలంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ఆర్‌ఎన్‌ఏ వైరస్ ఇదేనని 2006లో తేలింది. మోరిలో ఈ మిరప వైరస్ ఎంతుందో చూస్తే ఆ నీటిలో మనుషుల వాటా ఎంతో, వాననీటి వాటా ఎంతో తెలుస్తుంది. కోవిడ్ వైరస్‌ను దీనితో భాగించి పోలుస్తారు. కారం లేనిదే ముద్ద దిగని మన జిల్లాల్లో ఈ కొలబద్దకు కొరత రాదు.

దొరికిన ఆర్‌ఎన్‌ఏలో అక్షరాల వరుసను చదివితే వైరస్ ఏ రకమో కూడా చెప్పొచ్చు. 2022 జనవరి నుంచి జూన్ దాకా బెంగళూరులోని 28 శుద్ధి కేంద్రాల్లో ఇలా చేసి ఒమిక్రాన్ ఉపరకాలు ఎలా మారుతున్నాయో గమనించారు.

పైపులు లేని పట్టణాలు

ఇక మన మూడు పట్టణాలకు వద్దాం. జగిత్యాల లక్ష దాటిన జనాభా ఉన్న జిల్లా కేంద్రం. కోరుట్ల బీడీ కార్ఖానాల ఊరు. సిరిసిల్ల మానేరు ఒడ్డున మరమగ్గాల (సాంచాల) చప్పుడుతో తెల్లవారే ఊరు. మూడింటిలోనూ ఎక్కువ ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకే గతి. స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు నేరుగా మోరిలోకి పోతాయి. ట్యాంకు పైన తేలిన నీళ్ళు చాలా చోట్ల గొట్టం గుండా అదే మోరిలో పడతాయి. వాడల మోరీలు పెద్ద కాలువలో కలిసి, చివరికి ఏ కుంటలోనో చెరువులోనో వాగులోనో తేలతాయి. ట్యాంకు నిండినప్పుడు గోడల మీద రాసిన ఫోన్ నంబరుకు కొడితే తోడే బండి వస్తుంది.

ఇక్కడ నమూనా ఎక్కడ తీయాలన్నది ఒక్కో చోటికి ఒక్కో లాభం, ఒక్కో నష్టం ఉన్న బేరం.

మొదటిది, ట్యాంకులు తోడే బండి. సిరిసిల్లలో ఆ బండ్లు తెచ్చింది శుద్ధి చేయడానికి మల వ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది. నమూనా తీయడానికి ఇది సులువైన చోటే. కానీ ట్యాంకును ఎప్పుడో ఏళ్ళకొకసారి తోడిస్తారు. అడుగున పేరుకున్న మడ్డి పాత ముచ్చట చెబుతుంది. ఈ వారం ఏం జరుగుతోందో చెప్పదు. ఆ రోజు ఏ వాడ ట్యాంకులు వచ్చాయో అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఊళ్ళో ఈ వైరస్ ఉందా లేదా అన్నంత వరకు ఇది పనికొస్తుంది. పెరుగుతోందా తగ్గుతోందా అంటే జవాబు చెప్పలేదు.

రెండోది, పెద్ద మోరి చెరువులో కలిసే ముందటి చోటు. వేల ఇళ్ళ నీళ్ళు అక్కడ ఒకటవుతాయి. మూర్ స్వాబ్‌కు సరైన జాగా ఇదే. పొద్దున ఆరింటికి, ఊరు లేచి మరుగుదొడ్లకు పోయే వేళకు ముందు, పారిశుధ్య జవాను గ్లవ్స్ వేసుకుని గాజుగుడ్డను కల్వర్టు ఇనుప చువ్వకు గట్టి దారంతో కట్టి నీళ్ళలోకి వదులుతాడు. గుడ్డ అడుగున మడ్డిలో కూరుకుపోకుండా, పైన చెత్తతో కొట్టుకుపోకుండా నడుమ తేలేలా చూస్తాడు. మర్నాడు అదే వేళకు తీసి, సంచిలో పెట్టి, మంచు డబ్బాలో దింపి, మూత మీద చోటు పేరు, తేదీ, వేళ రాస్తాడు. ఇందుకోసం ఎవరూ మ్యాన్‌హోల్‌లోకి, ట్యాంకులోకి దిగనక్కర్లేదు. రక్షణ సామగ్రి లేకుండా శుభ్రం చేయడానికి మనిషిని అలా దింపడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

మూడోది, జనం గుంపుగా ఉండే చోట్లు. బస్టాండు మరుగుదొడ్లు, గురుకుల హాస్టళ్ళు, జిల్లా ఆసుపత్రి. చిన్న పట్టణంలో మోరీలన్నీ కలిసే చోటు దొరక్కపోయినా వీటి ట్యాంకుల నుంచి బయటికి పారే నీరు వారం వారం తాజా కబురు చెబుతుంది. బస్టాండు నీళ్ళలో పక్క మండలాల నుంచి వచ్చిపోయే జనం వాటా కూడా ఉంటుంది.

ఈ పట్టణాలకే సొంతమైన తిప్పలు కొన్ని ఉన్నాయి. మొదటిది ఎండ. మే నెలలో 45 డిగ్రీలు తాకే చోట తెరిచిన మోరిలో ఆర్‌ఎన్‌ఏ తొందరగా చెడిపోతుంది. హైదరాబాద్ ప్రయోగశాలకు గంటల తరబడి దారి. మంచు కరిగిందంటే ఆ నమూనా వృథా. రెండోది సిరిసిల్ల అద్దకాలు. వస్త్రాలకు వాడే రంగుల్లో కొన్ని పీసీఆర్‌లో జన్యు ముక్కలను రెట్టింపు చేసే ఎంజైమును పనిచేయనివ్వవు. జీన్స్ బట్టల నీలిరంగు ఈ అడ్డంకికి పేరుమోసింది. రంగునీళ్ళు కలిసే మోరిలో వైరస్ ఉన్నా యంత్రం లేదనొచ్చు. అందుకే పరీక్షకు ముందు నమూనాలో హాని చేయని వేరే వైరస్‌ను తెలిసిన మోతాదులో కలుపుతారు. అది చివరికి తగినంతగా దొరికితేనే 'లేదు' అన్న జవాబును నమ్మాలి. వీలైతే అద్దకం యూనిట్ల కాలువ కలవకముందే గుడ్డ కట్టాలి.

దూరం సంగతి కొంత తేలికయ్యే దారి ఉంది. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. వాటి మైక్రోబయాలజీ విభాగాల్లో నమూనాను చిక్కబరిచి, ఆర్‌ఎన్‌ఏ తీసి చల్లగా భద్రపరిచే పని చేయగలిగితే హైదరాబాద్‌కు సీసాల కొద్దీ నీళ్ళు మోయక్కర్లేదు. వేలెడంత గొట్టాలు పంపితే చాలు.

దుబాయ్ విమానం, భివండీ బస్సు

ఈ మూడు ఊళ్ళ జబ్బులకు వాటి మోరీలే సరిహద్దు కాదు. జగిత్యాల, కోరుట్ల వైపు దుబాయ్‌కో సౌదీకో మనిషి పోని వాడ దొరకదు. సిరిసిల్ల నేతన్నలకు మహారాష్ట్రలోని భివండీ, సోలాపూర్‌లతో దశాబ్దాల రాకపోకలున్నాయి. కొత్త వైరస్ ఏదైనా బయల్దేరితే మారుమూల అనుకునే ఈ ఊళ్ళకు అది రావడానికి ఒక విమానం, ఒక బస్సు చాలు.

విమానం కింద కూడా ఒక మురుగు ట్యాంకు ఉంటుంది. కోవిడ్ తొలి ఏడాదిలోనే దుబాయ్ చేరిన 198 ప్రయాణికుల విమానాల ట్యాంకుల్లో పరీక్షిస్తే దాదాపు 14 శాతం విమానాల్లో వైరస్ దొరికింది. ఒక్కో ప్రయాణికుడి ముక్కులో పుల్ల పెట్టకుండానే ఏ దేశం నుంచి వచ్చే విమానాల్లో జబ్బు ఎక్కువుందో ఇలా కనిపెట్టవచ్చు. శంషాబాద్‌లో దిగే గల్ఫ్ విమానాల ట్యాంకు ఫలితం ఒకటి వస్తే అది హైదరాబాద్‌కు ఎంత ముఖ్యమో జగిత్యాల జిల్లా వైద్యాధికారికీ అంతే ముఖ్యం.

ఇక్కడ జాగ్రత్త కూడా అవసరం. 2020 మార్చిలో గల్ఫ్ నుంచి దిగినవాళ్ళ చేతుల మీద క్వారంటైన్ ముద్రలు వేశారు. ఆ ముద్ర ఉన్న మనిషిని ఊళ్ళో ఎలా చూశారో అందరికీ గుర్తే. మురుగు పరీక్షలోని మంచి గుణం అది మనిషి పేరు చెప్పకపోవడం. ఫలితాన్ని వాడ పేరుతో, హాస్టల్ పేరుతో బయటపెడితే ఆ గుణం పోతుంది. పట్టణం మొత్తానికి కలిపి ప్రకటించడం, వాడల వారీ వివరాలు ఆరోగ్య సిబ్బంది దగ్గరే ఉంచడం మర్యాద. కబురు చెప్పే మోరి చాడీలు చెప్పే మోరి కాకూడదు.

మోరి చెప్పలేనివి

వానాకాలం వస్తే ఈ జిల్లాలు భయపడేది డెంగీకి, చికున్‌గున్యాకు. మురుగు పరీక్ష వీటికి అంతగా అక్కరకు రాదు. డెంగీ వైరస్ ముక్కలు మూత్రంలో కొంత బయటికొస్తాయి. అమెరికాలోని మయామీ ప్రాంతపు మురుగులో వాటిని పట్టుకున్నారు కూడా. కానీ ఆ మోతాదు తక్కువ. పైగా డెంగీ దోమ గుడ్లు పెట్టేది మురుగులో కాదు, ఇంటి కూలర్లో, పాత టైరులో, మూతలేని డ్రమ్ములో నిలిచిన మంచినీళ్ళలో. అక్కడ చేయాల్సిన పని ఏ ప్రయోగశాల ఫలితం కోసమూ ఆగనక్కర్లేదు.

పచ్చకామెర్ల సంగతి వేరు. 2005లో హైదరాబాద్ పాతబస్తీ చుట్టుపక్కల హెపటైటిస్ ఇ వ్యాపించి 1,600 మందికి పైగా జబ్బుపడ్డారు. తాగునీటి పైపులు మురుగు కాలువలను దాటే చోట్ల ఉన్న వాడల్లో కేసులు ఎక్కువగా కనబడ్డాయి. మన పట్టణాల్లోనూ నల్లా పైపులు చాలా చోట్ల మోరిని ఆనుకునే పోతాయి. నీళ్ళు రోజంతా రావు. సరఫరా ఆగినప్పుడు ఖాళీ పైపు సందుల గుండా మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మోరిలో హెపటైటిస్ ఇ పెరుగుతోందని ముందే తెలిస్తే వాల్వులు, జాయింట్లు చూసుకోవడానికి, క్లోరిన్ సరిగా అందుతోందో లేదో నల్లాల దగ్గర పరీక్షించడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. ఈ ఊళ్ళలో మురుగు నిఘాకు అన్నిటికంటే ముందు దొరికే ప్రతిఫలం ఇదే కావచ్చు.

ఫలితం రాకముందే

2025లో భారత వైద్య పరిశోధన మండలి 50 నగరాల్లో 10 రకాల వైరస్‌ల మీద మురుగు నిఘా పెడతామని ప్రకటించింది. నగరాలతో మొదలుపెట్టడం సహజమే. అక్కడ పైపులున్నాయి, ప్రయోగశాలలున్నాయి. కానీ దేశంలో పైపులు లేని పట్టణాలు వేలల్లో ఉన్నాయి. వాటికి సరిపడే పద్ధతిని ఏదో ఒక చోట మొదలుపెట్టి సరిచూసుకోవాలి. బీడీలు, సాంచాలు, గల్ఫ్ ప్రయాణాలు, మండే ఎండలు, తెరిచిన మోరీలు అన్నీ ఉన్న ఈ మూడు పట్టణాలు ఆ పనికి తగినవి.

దానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. ఒక్కో పట్టణంలో రెండు మూడు చోట్లు చాలు. వారానికొకసారి, అదే రోజు, అదే వేళకు గుడ్డ కట్టాలి. మొదట పోలియో, హెపటైటిస్ ఎ, ఇ, కోవిడ్ చూస్తే చాలు. చోట్లు మార్చకుండా, వారం తప్పకుండా సాగితేనే అంకెలకు అర్థం ఉంటుంది. ఒక్కసారి తీసిన నమూనా పత్రికలో వార్త అవుతుంది గానీ నిఘా కాదు.

అన్నిటికంటే ముందు కాగితం మీద పెట్టాల్సినవి వేరే ఉన్నాయి. పోలియో దొరికితే జిల్లా వైద్యాధికారి ఎన్ని గంటల్లో హైదరాబాద్‌కు చెప్పాలి? ఏ వయసు పిల్లల జాబితాను ఏఎన్‌ఎంలు, ఆశాలు సిద్ధంగా ఉంచుకోవాలి? హెపటైటిస్ ఇ రెండు వారాలు వరసగా పెరిగితే మున్సిపల్ ఇంజినీరు మొదట ఏ వాల్వు తెరిచి చూడాలి? గర్భిణులను ఎలా హెచ్చరించాలి? ఆ జబ్బు వాళ్ళకే ఎక్కువ ప్రాణాంతకం. కోవిడ్ పెరిగితే వృద్ధులకు, ఆసుపత్రి వార్డుకు ఎవరు కబురు పెట్టాలి? ఫలితాన్ని జనానికి ఎవరు, ఏ మాటల్లో చెప్పాలి? ఈ ప్రశ్నలకు ఎదురుగా హోదాలు, ఫోన్ నంబర్లు రాసుకున్న మున్సిపాలిటీకే గాజుగుడ్డ కొనే హక్కు వస్తుంది. రాసుకోని చోట గుడ్డకు పెట్టే ఖర్చుతో రెండు వాల్వులు బాగుచేయించడం మేలు.